ఊదు బావా, ఇంకా ఉంది

మా నాన్న అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలం పిలుస్తాడు. పొద్దున్నే పల్లెల నుంచి వచ్చిన బెల్లం దిమ్మలు షెడ్లలో రాశులుగా పేర్చి ఉంటాయి. ఒక్కో రాశి దగ్గరా నాన్న ఆగి, రంగు చూసి, చిన్న ముక్క చిదిపి నోట్లో వేసుకుని పాట మొదలుపెడతాడు. చుట్టూ వ్యాపారులు, వాళ్ళ వెనక రైతులు, ఇంకా వెనక లారీల హారన్లు, బరువులెత్తే కళాసీల కేకలు. వీటన్నిటినీ దాటుకుని ఆయన గొంతు చివరి మనిషి దాకా వెళ్ళాలి. మైకు పెట్టుకోమని మార్కెట్లో వాళ్ళు ఒకటి రెండుసార్లు అన్నారట. "మైకులో పిలిస్తే కూరగాయల బండోడిలా ఉంటాది" అని నాన్న ఒప్పుకోలేదు.

అలాంటి మనిషికి గుండెకి బైపాస్ చెయ్యాల్సి వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం మార్కెట్ నుంచి నడిచి వస్తూ దారిలో ఒక కిరాణా కొట్టు అరుగు మీద కూలబడిపోయాడు. విశాఖ తీసుకెళ్ళాం. ఆపరేషన్ బాగా జరిగింది, భయం లేదన్నారు. కానీ మంచం మీద ఉన్న మనిషిని చూస్తే మా నాన్నలా లేడు. గొంతులో గొట్టం వేసి ఉంచడం వల్ల మాట బొంగురుపోయింది. రొమ్ము ఎముక నొప్పికి నిండుగా ఊపిరి తీసుకోలేక, కాలే టీ చప్పరించినట్టు కొంచెం కొంచెంగా గాలి పీల్చుకునేవాడు.

అప్పుడు నర్సు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అందులో పక్కపక్కనే మూడు గొట్టాలు, ఒక్కోదానిలో ఒక్కో రంగు బంతి. పక్క నుంచి వంకీల పైపు ఒకటి, దాని చివర నోట్లో పెట్టుకునే ముక్క. ఆ అమ్మాయి ఇంకా చెప్పేలోపే నాన్న పైపు నోట్లో పెట్టుకుని బుస్సున ఊదాడు. బంతులు కదల్లేదు.

"ఇది పాడైపోయినట్టుంది" అన్నాడు ఆ బొంగురు గొంతుతో.

"ఇది ఊదేది కాదు తాతగారూ, పీల్చేది. మెల్లగా లోపలికి లాగితే బంతులు పైకి లేస్తాయి. ఎంత బాగా లేస్తే ఊపిరితిత్తులు అంత బాగా తెరుచుకుంటున్నట్టు. గంటగంటకీ చెయ్యాలి, లేకపోతే లోపల కఫం పేరుకుపోతుంది."

నాన్న పీల్చాడు. మొదటి బంతి సగం దాకా లేచి, సిగ్గుపడినట్టు కిందికి దిగిపోయింది. డబ్బా పక్కన పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఆ డబ్బా ఫ్రిజ్ మీదకి ఎక్కింది. మేముండేది మేడ మీద. అమ్మానాన్నలది ముందు వాటా, నాదీ మా ఆయనదీ వెనక వాటా. నేను ఊళ్ళోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. సాయంత్రం వచ్చేసరికి అమ్మ రోజూ ఒకటే గోల పెట్టేది.

"సూడే, పొద్దుట్నించి ముట్టుకోలేదు ఆ బంతులు. డాక్టరుబాబు గంటగంటకీ సెయ్యమన్నాడా లేదా?"

"సంతలో పిల్లలకి కొనే బొమ్మ అది" అనేవాడు నాన్న. "అది లేపినంత మాత్రాన ఏటౌతాది?"

ఒకరోజు అమ్మకి విసుగొచ్చింది. వంటింట్లోంచి వచ్చి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫ్రిజ్ మీంచి డబ్బా దింపింది. నోటి ముక్క కడిగి తుడిచి, నిలబడే పెట్టుకుంది. మూడు బంతులూ ఒకదాని వెనక ఒకటి టక్, టక్, టక్‌మని పైకి వెళ్ళి అక్కడే అతుక్కున్నాయి. అమ్మ కళ్ళు మాత్రం తిప్పి నాన్నని చూసింది. బంతులు దిగలేదు. ఇంకాసేపు అలాగే ఉంచి, అప్పుడు వదిలింది.

నాన్న చేతిలోని పేపరు మడిచి మళ్ళీ విప్పాడు.

"అదెలా వచ్చిందమ్మా నీకు?" అన్నాను.

"ఎలా రావడమేటి? కోటపాడు దగ్గర మా ఊళ్ళో సిన్నప్పుట్నించీ కర్రల పొయ్యే గదా. తడి కర్రలు పెట్టి మీ అమ్మమ్మ పొలానికెళ్ళిపోయేది. ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ మంట లేపాల. ఊదాలంటే ముందు కడుపు నిండా పీల్సాల గదా." డబ్బా నాన్న ముందు పెట్టింది. "మీరేటో గుటక మింగినట్టు పీలుత్తన్నారు. అలాగైతే ఆ పసుపుది కూడా లెగదు."

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో కొత్త చప్పుడు ఒకటి మొదలైంది. అమ్మ పెరటి మెట్ల దగ్గర బట్టలారేస్తున్నప్పుడూ, గుడికి వెళ్ళినప్పుడూ, ముందు గదిలోంచి టక్‌మని వినబడేది. నేను తలుపు దగ్గరికి వెళ్ళేసరికి నాన్న పేపరు చదువుతూ ఉండేవాడు. డబ్బాలో బంతి మాత్రం ఇంకా ఊగుతూ ఉండేది.

నాన్న స్నేహితుడు ఒకాయనకి ఊళ్ళో పరుపుల దుకాణం ఉంది. దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి అమ్ముతారు. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే పని. ఇద్దరూ చిన్నప్పుడు మున్సిపల్ స్కూల్లో ఒకే బెంచీ. ఆయన ముసల్మాను, మేం హిందువులం. అయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. నాకు ఆయన మావయ్య. నా పెళ్ళికి పరుపు ఆయనే కుట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా రిక్షాలో తానే పట్టుకొచ్చాడు.

నాన్న ఇంటికి వచ్చినప్పటి నుంచీ మావయ్య రోజూ సాయంత్రం దుకాణం కొడుకుకి అప్పజెప్పి వచ్చేవాడు. గెడ్డంలో, కనుబొమ్మల్లో దూది పోగులు అలాగే ఉండేవి. వస్తూ ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవాడు. అమ్మ వాటిని తీసుకుని డబ్బాలో దాచేసి, ఇద్దరికీ మరమరాలు పెట్టేది.

బంతుల డబ్బా చూసి మావయ్య తెగ సరదా పడ్డాడు.

"ఇలాతే బావా, నా దమ్మేటో సూపిత్తాను."

అమ్మ నోటి ముక్క మళ్ళీ కడిగి ఇచ్చింది. మావయ్య పీల్చాడు. ఒక బంతి లేచింది. రెండోది అడుగున వణికింది. అంతలోకే దగ్గు వచ్చేసింది. దగ్గు తగ్గాక నవ్వుతూ, "గెడ్డం అడ్డొచ్చి గాలి లీకైపోతన్నాది" అన్నాడు.

నాన్నకి ఆరోజు పండగే. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఎవరినో గెలిచాడు. అప్పటి నుంచి రోజూ పోటీ. నాన్న రెండు బంతులు లేపాడు, కొన్నాళ్ళకి మూడోది కూడా కదిలించాడు. ఒక ఆదివారం మూడూ పైకెళ్ళి కాస్సేపు నిలబడ్డాయి. నాన్న అప్పుడు డబ్బా పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, అమ్మకి చూపించి తిరిగి వచ్చాడు. మావయ్య మాత్రం ఆ ఒక్క బంతి దగ్గరే ఉండిపోయాడు. ప్రతిసారీ ఏదో వంక చెప్పేవాడు. పైపు కన్నం చిన్నదనీ, ఇప్పుడే టీ తాగి వచ్చాననీ.

అసలు సంగతి ముందు పసిగట్టింది అమ్మే.

"ఒక మాట సెప్తాను, కోపగించుకోకండి" అంది ఒక రాత్రి అన్నాల దగ్గర. "ఆ అన్నయ్య రోజూ మన మెట్లెక్కుతూ మద్దిలో ఆగిపోతన్నాడు. ఫోను తీసి సూత్తాడు. నాను వంటింటి కిటికీలోంచి సూత్తన్నాను గదా. ఫోన్లో ఏటీ ఉండదు, తెర కూడా ఎలగదు. ఊపిరాడక ఆగుతన్నాడు."

నాన్న ముద్ద కలపడం ఆపేశాడు. తర్వాత మెల్లగా, "ఇన్నాళ్ళూ నాను గెలిసేననుకుంటన్నాను" అన్నాడు.

మర్నాడు మావయ్యతో డాక్టరు మాట ఎత్తితే కొట్టిపారేశాడు. "దూది పనోడికి దగ్గుండదేటి? మా అబ్బాజాన్ అరవై ఏళ్ళు దగ్గేడు" అన్నాడు. నాన్న మరి వాదించలేదు. రెండ్రోజులాగి, "బావా, నాకు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర చెకప్ ఉంది. ఒక్కడినే ఎల్లలేను, తోడు రా" అన్నాడు. మావయ్య ఆ మాటకి వెంటనే లేచాడు. స్నేహితుడికి తోడు అంటే ఆయనకి దుకాణం గుర్తుండదు.

ఆ రోజుల్లోనే నాన్న సంగతి ఇంకోటి ఉంది. బెల్లం సీజన్ మొదలైపోయింది. మార్కెట్ నుంచి రోజూ ఫోన్లు. గుండె డాక్టరు కూడా చూసి, ఎముక బాగా అతికింది, ఇక మీ పని మీరు చేసుకోవచ్చని చెప్పాడు. గొంతు బొంగురు కూడా పోయింది. అయినా నాన్న వెళ్ళలేదు. "వచ్చే వారం ఎల్తాను" అనేవాడు. వచ్చే వారం మళ్ళీ అదే మాట. ఫోన్లో కూడా పక్కన పసిబిడ్డ పడుకున్నట్టు మాట్లాడేవాడు. గట్టిగా అరిస్తే కుట్లు విడిపోతాయని ఆయన భయం. ఆ భయం మాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

చెకప్ రోజు నాన్న, మావయ్య, నేను ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఊపిరితిత్తుల డాక్టరుగారి క్లినిక్ ఊళ్ళోనే, ఒక మందుల షాపు పైన. కాసేపు కూర్చున్నాక కౌంటర్లో అమ్మాయి మావయ్య పేరు పిలిచింది. మావయ్య ఉలిక్కిపడి నాన్న వైపు చూశాడు.

"నీ పేరు కూడా రాయించేను" అన్నాడు నాన్న. "ఎలాగూ ఒకే ఆటో గదా."

మావయ్య లేవకుండానే, "నీ చెకప్ ఉందా లేదా అసలు?" అని అడిగాడు.

"ఉంది. నీ తర్వాత."

డాక్టరు వీపు మీద స్టెత్ పెట్టి విని, ఎన్నేళ్ళుగా దూది పని అని అడిగి, ఊదే పరీక్ష చేయించమని రాశాడు. పక్కనే చిన్న గది. కంప్యూటరు, దానికి తగిలించిన ఒక పరికరం, దానికి అట్టగొట్టం. పరీక్ష చేసే అమ్మాయి చాలా చిన్నది, మా స్కూల్లో పదో తరగతి పిల్లలా ఉంది. గదిలోకి పేషెంటు ఒక్కరే రావాలంది. మావయ్య గుమ్మంలోనే నిలబడి, "బావ లేకుంటే నానూదను" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి మమ్మల్ని కూడా రమ్మంది. నాన్నకి తలుపు పక్కన స్టూలు దొరికింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మావయ్య ముక్కుకి క్లిప్పు పెట్టారు. దాంతో ఆయన మాట ముక్కుతో మాట్లాడినట్టు వచ్చింది. దానికి నాన్నకి నవ్వొచ్చింది, నాన్నని చూసి మావయ్యకి నవ్వొచ్చింది. మా ఇంట్లో బంతుల పోటీ సంగతి నాన్న అప్పటికే ఆ అమ్మాయికి చెప్పేశాడు. ఇద్దరి వైపూ చూసి, నవ్వులు అయ్యేదాకా ఆగి చెప్పింది.

"మావయ్యగారూ, ఇది బంతులాట లాంటిది కాదు. ముందు పూర్తిగా పీల్చాలి. ఆ తర్వాత ఒక్కసారిగా ఎంత బలముంటే అంత బలంతో ఊదాలి. గాలి అయిపోయిందనిపించినా ఆపకూడదు. నేను ఆపమనేదాకా ఊదుతూనే ఉండాలి."

మావయ్య ఊదాడు. తెర మీద గీత లేచి వెంటనే తెగిపోయింది. "ఆపేశారు. మళ్ళీ" అంది. మళ్ళీ ఊదాడు, మధ్యలో దగ్గాడు. మళ్ళీ. ఈసారి పెదాల సందులోంచి గాలి పోయింది. ఆ అమ్మాయి పాపం ప్రతిసారీ గొంతు చించుకుని, "ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అంటోంది. పొద్దున్నుంచీ ఎంతమందికి అలా చెప్పిందో, గొంతు కీచుమంటోంది. మావయ్య కళ్ళద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు.

"సాల్లెమ్మా. నా దమ్మింతే" అన్నాడు. ఆ మాట నవ్వుతూ అనలేదు.

"ఇంకొక్కసారి చూద్దాం" అంది అమ్మాయి.

మావయ్య గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. పీల్చాడు. ఊదడం మొదలుపెట్టాడు. భుజాలు వాలిపోతున్నాయి, ఇక వదిలేస్తాడనిపించింది. అప్పుడు తలుపు పక్క నుంచి వచ్చింది ఆ గొంతు.

"ఊదు బావా, ఊదు, ఊదు, ఇంకా ఉంది, లోపల ఇంకా ఉంది, వదలకు, రాశి అడుగు దాకా ఊదు, ఊదూ, ఊదూ, అదిగో కదిలింది, ఇంకాస్త, ఇంకాస్త, ఇంకా ఉంది బావా, ఇంకా ఉంది…"

అది మార్కెట్లో పిలిచే పిలుపే. అదే సాగదీత, అదే ఊపు. చిన్న గదిలో గోడలకి కొట్టుకుని చెవులు గింగుర్లెత్తాయి. నాన్న ఎప్పుడు లేచి నిలబడ్డాడో నేను చూడలేదు. ఒక చెయ్యి పైకెత్తి, షెడ్డులో చివర నిలబడ్డ వ్యాపారిని పిలిచినట్టు పిలుస్తున్నాడు. మావయ్య మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి, కళ్ళు నాన్న మీదే ఉన్నాయి. గీత తెర మీద పాకుతూ పాకుతూ చివరిదాకా వెళ్ళింది.

"చాలు" అంది అమ్మాయి. "వచ్చింది."

బయట కూర్చున్నవాళ్ళు లేచి తలుపు దగ్గరికి వచ్చేశారు. కాంపౌండరు తల లోపల పెట్టి, ఏమైందని అడిగాడు. నాన్న అలాగే నిలబడి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి దింపి, చొక్కా గుండీల మధ్యలోంచి రొమ్ము తడిమి చూసుకున్నాడు. మళ్ళీ తడిమాడు. నా వైపు చూసి, "ఏటీ అవలేదమ్మా" అన్నాడు, మామూలు గొంతుతో.

మావయ్య ముక్కు క్లిప్పు తీసుకుని, ఊపిరి అందాక, "బావా, నీ గొంతు వచ్చేసింది" అన్నాడు.

"నా సంగతి తర్వాత. నువ్వు నీళ్ళు తాగు."

ఒకేలాంటి గీతలు మూడు రావాలట. మిగతా రెండింటికీ నాన్నని ఎవరూ అడగక్కర్లేకపోయింది. తర్వాత మావయ్యకి మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించారు. ఈసారి గీత ముందుకంటే ఎత్తుగా లేచింది. నాకే తేడా తెలిసింది. లెక్కల టీచర్ని కదా, గ్రాఫు చూస్తే ఆనందం ఆగదు. మేం వచ్చేస్తుంటే ఆ అమ్మాయి నాన్నని ఆపి, "తాతగారూ, రేపు కూడా రండి. ఇంకా చాలామంది సగంలోనే ఆపేస్తున్నారు" అంది. నాన్న నిజంగానే ఆలోచించినట్టు కనిపించాడు.

డాక్టరు కాగితం మావయ్య ముందు పెట్టి చెప్పాడు. ఇన్నేళ్ళ దూది ధూళికి గాలి గొట్టాలు బిగుసుకుపోయాయి. కానీ మందు పీల్చాక బాగా తెరుచుకున్నాయి, అది చాలా మంచి సంగతి. రోజూ మందు పీల్చే పంపు వాడాలి, పనిలో మూతికి మాస్కు కట్టాలి, ఏకే మిషను గది లోపల కాకుండా వెనక రేకుల షెడ్డులో పెట్టుకోవాలి.

"ఆ పంపు ఒకసారి మొదలెడితే అలవాటైపోద్దంటారు గదండీ" అన్నాడు మావయ్య.

"ఆ కళ్ళద్దాలు ఎన్నేళ్ళుగా పెట్టుకుంటున్నారు?"

"సిన్నప్పుట్నించీ."

"అలవాటైపోతాయని మానెయ్యలేదు కదా."

మావయ్య కళ్ళద్దాలు సర్దుకుని, "మాట బాగుంది" అన్నాడు.

డాక్టరు ఇంటి దగ్గర రోజూ ఊది చూసుకోమని ఒక చిన్న గొట్టం కూడా రాశాడు. దాని మీద అంకెలు, ఒక ముల్లు. గట్టిగా ఊదితే ముల్లు ముందుకి పోయి అక్కడే నిలుస్తుంది. అది దగ్గర పెట్టుకున్నాక వాళ్ళిద్దరి పోటీ ఫోన్లోకి మారింది. పొద్దున్నే నాన్న ఫోను మోగేది. "ఎంత కొట్టేవు?" అని ఈయన, "నిన్నటికంటే ఎక్కువే" అని ఆయన. అమ్మ కాఫీ పట్టుకుని నిలబడి, "క్రికెట్ స్కోరు సెప్పుకుంటన్నారు" అనేది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అమ్మ వంటింట్లోంచి నన్ను పిలిచింది. కిటికీ దగ్గరికి లాగి, "సూడు" అంది. మావయ్య మెట్లెక్కుతున్నాడు. మధ్యలో ఆగలేదు. పైన గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు విడిచేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆరోజు మావయ్య మూడు బంతులూ లేపాడు. మూడోది సరిగా నిలబడలేదని నాన్న గొడవ పెట్టుకున్నాడు, నిలబడిందని నేను సాక్ష్యం చెప్పాను. అమ్మ అందరికీ మినపరొట్టె వేసింది. ఉస్మానియా బిస్కెట్లు కూడా ఆరోజు డబ్బాలోంచి బయటికి వచ్చాయి, మనిషికొకటి చొప్పున.

నాన్న మార్కెట్‌కి వెళ్ళింది ఆ వారంలోనే. ముందురోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నాకు స్కూలు సెలవు. ఎందుకైనా మంచిదని వెనకాల వెళ్దామనుకున్నాను. అమ్మ కూడా వస్తానంది.

"నువ్వెందుకమ్మా?"

"పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఆయన పాట నానెప్పుడూ ఇనలేదే."

నిజమే. ఆడవాళ్ళు బరువులు మోసేందుకో, బెల్లం అమ్ముకునేందుకో తప్ప మార్కెట్లోకి వెళ్ళరు. పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి మధ్యాహ్నం గొంతు అరిగిపోయి వచ్చి, మంచం మీద వాలేవాడు. అమ్మకి తెలిసినది ఆ మిగిలిన గొంతే.

మేం నాన్నకి కనబడకుండా ఒక స్తంభం పక్కన నిలబడ్డాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. గాలంతా తీపి వాసన. నాన్న మొదటి రాశి దగ్గర ముక్క చిదిపి నోట్లో వేసుకున్నాడు. చుట్టూ మనుషులు మూగారు. అప్పుడు ఆయన గొంతెత్తాడు. మొదటి మాట కొంచెం జాగ్రత్తగా వచ్చింది. రెండోదానికి ఆ జాగ్రత్త పోయింది. షెడ్డు అవతల లారీ ఎక్కుతున్న కళాసీ ఒకడు తిరిగి చూసి, "వచ్చేడ్రా మావ" అని కేకేశాడు.

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. పక్కన నిలబడ్డ రైతు ఒకాయన, "మీవోడేటమ్మా?" అని అడిగాడు.

"మా ఇంటాయనే" అంది అమ్మ. తర్వాత నా వైపు వంగి, "ఇంట్లో కూర ఎలాగుందంటే ఊఁ అంటాడు. ఇక్కడ సూడు, ఎన్ని మాటలో" అంది.

ఆ రాశి పాట అయిపోయింది. గుంపు పక్క రాశి దగ్గరికి జరిగింది. అమ్మ కూడా జరిగింది. నేను ఇంటికి పోదామన్నాను. "ఈ ఒక్కటీ ఇని పోదాం" అంది. అది కూడా అయింది. గుంపు మళ్ళీ జరిగింది. అమ్మ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని, నేల మీద చిందిన బెల్లప్పొడి తొక్కకుండా, మనుషుల సందుల్లోంచి దారి చేసుకుంటూ నాకంటే ముందు నడిచింది. ఎండెక్కింది. ప్రతి రాశి దగ్గరా "ఈ ఒక్కటీ" అనే అంది. అలా అంటూనే ఆఖరి షెడ్డు దాకా వెళ్ళాం.